వెన్నులో తీగ, కాలి మీద చెయ్యి

నొప్పి డాక్టర్‌నని చెబితే రాయ్‌పూర్‌లో చాలాకాలం ఎవరికీ అర్థమయ్యేది కాదు. "నొప్పిని అందరు డాక్టర్లూ చూస్తారు కదా మేడమ్, మీరు విడిగా ఏం చూస్తారు?" అని మా వీధిలో కూరగాయలమ్మే అతను హిందీలో అడిగాడు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఉద్యోగం మానేసి ఏడాదైంది, ఇప్పుడూ లేదు.

నేను చదివింది మత్తు వైద్యం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో పనిచేశారు. నేను పుట్టి పెరిగింది ఆ షాపువాళ్ళ క్వార్టర్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బడిలో హిందీ, సందులో ఛత్తీస్‌గఢీ. మూడు భాషల్లో తిట్టగలను, మూడు భాషల్లో ఓదార్చగలను. ఈ ఉద్యోగంలో నా డిగ్రీలకన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఇద్దరు డాక్టర్లు, వెన్నులో తీగ వేసే పని గురించి ఏదైనా రాసివ్వమని వెంటపడ్డారు. సూది ఏ కోణంలో గుచ్చాలో పుస్తకాల్లో ఉంది, అది నేను రాయను. ఒక మనిషి గురించి రాస్తాను. ఆయన విషయంలో నేను తప్పు చేశాను. ఆ తర్వాత జరిగింది కూడా రాస్తాను.

పని ఏమిటంటే

నడుముకి ఒకటి రెండు ఆపరేషన్లయినా కొందరికి నొప్పి పోదు. నడుంలోంచి తొడ మీదుగా పాదం దాకా మంట, పోటు. స్కాన్‌లో కొత్తగా ఏమీ కనపడదు. ఇంట్లోవాళ్ళు మొదట జాలిపడతారు, తర్వాత విసుక్కుంటారు, ఆఖరికి నాటకమంటారు. అలాంటివాళ్ళకి వెన్నుపాము వెనక సన్నటి తీగ పెట్టి, దాంట్లో కొద్దిగా కరెంటు పంపిస్తాం. నొప్పి ఉన్నచోట జివజివమంటుంది. ఆ జివజివ కింద నొప్పి అణుగుతుంది. ముందు వారం రోజులు బ్యాటరీని బయటే ఉంచి పరీక్షిస్తాం. గుణం కనిపిస్తే, తీగని బ్యాటరీకి కలిపి తుంటి చర్మం కింద కుట్టేస్తాం. జబ్బు నయం కాదు. నొప్పి మీద దుప్పటి కప్పుతాం, అంతే.

ఇందులో నాకు మొదటి నుంచీ వింతగా తోచిన సంగతి ఒకటుంది. తీగ పెట్టేటప్పుడు మనిషి మెలకువగా ఉండాలి. బోర్లా పడుకుని, ముఖం దిండులో పెట్టుకుని ఉంటాడు. తీగ ఎక్కడుందో ఎక్స్‌రే చెబుతుంది. జివజివ ఎక్కడుందో మాత్రం ఆయన చెప్పాల్సిందే. ఇంకెవరికీ తెలియదు, తెలిసే మార్గం కూడా లేదు.

నాకీ పని నేర్పింది త్రివేదీ సర్. అంత చిరాకు మనిషిని నేను మళ్ళీ చూడలేదు. టీ చల్లారితే నర్సులు పక్క గదిలోకి పారిపోయేవాళ్ళు. ఆయనకి ఒకే ఒక్క సూత్రం ఉండేది: ముందు మనిషిని అడుగు, తర్వాత మెషీన్‌ని అడుగు. రోజుకి పదిసార్లు అనేవారు. పెద్దాయన చాదస్తం అనుకుని తలూపేదాన్ని.

ఆ సూత్రం విలువ కొంచెమైనా తెలిసింది ఊరి చివర టాటీబంధ్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు వల్ల. గేరు మార్చడానికి క్లచ్ మీదకి కాలు ఎత్తలేక వచ్చాడు. బల్లమీద పడుకోబెట్టేసరికి గడగడ వణికిపోతున్నాడు. నాకు జాలేసి మత్తు కాస్త ఎక్కువిచ్చాను. కరెంటు పెంచి, "తొడలో తెలుస్తోందా?" అంటే "హాఁ జీ" అన్నాడు. "పిక్కలో?" "హాఁ జీ." ఇంత తేలిగ్గా అయిపోతోందేమిటా అని నేను మురిసిపోతున్నాను. వెనకనుంచి త్రివేదీ సర్ వంగి, "మీ లారీలో కూడా జివజివ తెలుస్తోందా?" అని హిందీలో అడిగారు. "హాఁ జీ" అన్నాడు. అంతే, ఆరోజు కేసు ఆపేశాం. "ఉన్నది ఒక్క సాక్షి. అతన్ని నిద్రపుచ్చావు" అన్నారు సర్, గ్లవ్స్ తీసి బుట్టలో విసిరేస్తూ. పది రోజుల తర్వాత మళ్ళీ పిలిచి, మత్తు తగ్గించి చేశాం. జాలితో చేసిన తప్పుని తప్పనుకోవడానికి మనకి మనసొప్పదు. మీరూ చేస్తారు, చూసుకోండి.

నాయుడు మావయ్య

అప్పలనాయుడు మావయ్య మా నాన్నతో పాటు షాపులో పనిచేసినవాడు. వ్యాగన్ చక్రం మీద సుత్తితో కొట్టి, మోతని బట్టి పగులుందో లేదో చెప్పడం ఆయన పని. చెవితో కాదు, సుత్తి పిడి పట్టుకున్న చేతికి తెలుస్తుందనేవాడు. పిల్లలు లేరు. గౌరమ్మ అత్త, ఆయన, అంతే. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి కాలనీ పక్కనే రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ ఇంట్లోనే అత్త పోయింది. అప్పటికే ఆయన నడుముకి రెండు ఆపరేషన్లయ్యాయి.

నా దగ్గరకి వచ్చేనాటికి పొయ్యి దగ్గర నిలబడి అన్నం వండుకోలేని స్థితి. ఎడం కాలు నిప్పుల్లో పెట్టినట్టుందనేవాడు. అభన్‌పూర్‌లో ఉండే తమ్ముడి కొడుకు వచ్చి తీసుకుపోతానంటున్నాడు. మంచి కుర్రాడే, బాగా చూసుకుంటాడు కూడా.

"నానెల్లనమ్మా బుజ్జీ" అన్నాడు మావయ్య. "నా కాళ్ళ మీద నాను నిలబడి, ఈ ఇంట్లోనే ఉండాల. అంతవరకూ సెయ్యి సాలు. ఇంకేటీ అడగను."

ఆయన కోరింది అంతే. ఇది గుర్తుంచుకోండి.

తీగ పెట్టే రోజున త్రివేదీ సర్ సూది చూసుకుంటున్నారు. నేను మావయ్య తల దగ్గర కూర్చుని మాట్లాడిస్తున్నాను. మత్తు చాలా తక్కువిచ్చాను, లారీ డ్రైవరు పుణ్యమా అని.

"ఏమైనా తెలుస్తోందా మావయ్యా?"

"నేదమ్మా."

కొంచెం పెంచాం. "ఆఁ, నడుం కాడ జుమ్మంటంది." ఇంకొంచెం పెంచి, తీగ కాస్త జరిపాం. తొడ దాకా దిగిందన్నాడు. తర్వాత మాట ఆగిపోయింది. నేను మానిటర్ వైపు చూశాను. గుండె బాగానే ఉంది.

"మావయ్యా?"

"ఎవులమ్మా నా కాలు పిసుకుతన్నారు?"

కాళ్ళ వైపు ఎవరూ లేరు. నడుం నుంచి పాదాల దాకా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది.

"ఎవరూ లేరు మావయ్యా. అది కరెంటు."

"కరెంటు కాదమ్మా. కరెంటు పైన్నించి కిందకి దిగింది, నాకు తెలస్తంది. ఇది మడం కాణ్ణించి పైకొస్తంది. బొటనేలితో నొక్కి, ఆగి, మల్లీ నొక్కతంది."

ఏమంటున్నాడని సర్ అడిగారు. హిందీలో చెప్పాను. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఆయన ఎలా చెప్పాడో అలాగే రాసిపెట్టు" అన్నారు.

సాయంత్రం వార్డుకి వెళ్తే మావయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు: "మీ అత్త అలగే పిసికీదమ్మా. దీపమెట్టీసి వొచ్చి, నా కాలికాడ పీటేసుకు కూకునీది. మడం కాణ్ణించి మొదలెట్టీది."

మెదడు అలాంటి పనులు చేస్తుందని నాకు తెలుసు. అదే ఆయనకి చెప్పాను. బుద్ధిగా విన్నాడు.

నేను చేసిన తప్పు

బ్యాటరీ లోపల పెట్టి ఇంటికి పంపాం. ఆదివారం పొద్దున్న నడుముకి ఛార్జింగ్ బెల్టు కట్టుకుని గంటసేపు కూర్చోవాలి, అంతే. మావయ్య లేచి తిరిగాడు. వంట చేసుకున్నాడు. సాయంత్రాలు షాపు గేటు దాకా నడిచి, రిటైరైన వాళ్ళతో బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఎవరు దొరికితే వాళ్ళకి ఆయన కేసు చెప్పేదాన్ని.

బాగున్నవాళ్ళు ఆసుపత్రికి రారు. ఆయనా చాలాకాలం రాలేదు. చలి వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఆటో దిగి, చేతికర్ర లేకుండా, వరండా అంతా నడుచుకుంటూ. బయట రోగుల వరస పెద్దగా ఉంది. త్రివేదీ సర్ అప్పటికి రిటైరయ్యారు. కుర్చీలో నేనున్నాను.

"కూర్చో మావయ్యా" అని, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, లోపలి బ్యాటరీ లెక్కలు చదివే ప్రోగ్రామర్ తీసి ఆయన తుంటి మీద పెట్టాను. తెర పలకలేదు. మా దగ్గరున్న ఛార్జర్ పెట్టి, ఈలోగా ఇద్దరు రోగుల్ని చూసి వచ్చాను. అప్పుడు వెలిగింది. ఆఖరిసారి కరెంటు నడిచింది ఎనిమిది నెలల కిందట.

ఆయన తెచ్చిన సంచిలోంచి బెల్టు తీసి చూశాను. వానలు మొదలైనప్పుడు పిడుగుపాటుకి పోయినట్టుంది. గోడకి పెట్టే చోట పచ్చదీపం వెలుగుతోంది గానీ బెల్టులోకి ఏమీ రావట్లేదు. పాపం, పచ్చదీపం చూసుకుని ప్రతి ఆదివారం గంటసేపు కట్టుకుని కూర్చున్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. "మావయ్యా! ఇది ఆగిపోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళూ ఆ నొప్పి అలా భరిస్తూ కూర్చున్నావా? ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?" అని కేకలేశాను.

ఆయన తెల్లబోయి చూశాడు. "నొప్పేటమ్మా? నాకు నొప్పి నేదు. నిన్న కూడా వొచ్చింది."

"ఏమొచ్చింది?"

"అదే. రోజూ దీపాల యేళకి. మడం కాణ్ణించి మొదలెట్టి మోకాలు దాకా. నాను సాలంటే ఆపేస్తది."

అక్కడ ఆగి ఉండాల్సింది. ఎదురుగా నొప్పి లేని మనిషి కూర్చుని ఉన్నాడు. చేతికర్ర లేకుండా నడిచి వచ్చాడు. అంతకన్నా నాకేం కావాలి? కానీ నేను మెషీన్‌ని ముందు అడిగాను. అది చెప్పిన మాట నా నోట్లో ఉంది. దాన్ని మింగడం నాకు చేతకాలేదు. తెర ఆయన వైపు తిప్పి, తారీకు మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఇదిగో, ఈ రోజు నుంచి ఇందులో కరెంటు లేదు, చుక్క కూడా లేదు.

మావయ్య ఆ తెరకేసి చాలాసేపు చూశాడు. తర్వాత తన ఎడం కాలికేసి చూసుకున్నాడు. "మరయితే ఎనిమిది నెల్లబట్టీ నా కాలు పిసుకుతన్నదెవులు?" అన్నాడు.

గదిలో నర్సు చేతిలో ఫైలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకి తెలుగు రాదు. అయినా ఎందుకు నిలబడిందో నాకు తెలియదు.

మెదడుకి అలవాటైపోయి ఉంటుంది మావయ్యా, కొందరికి అలా అవుతుంది అని ఏదో చెప్పాను. అబద్ధం కాదు, అలా అవుతుంది. "ఓహో, అలగా" అని లేచాడు. తలుపు దాకా వెళ్ళి చట్రం పట్టుకున్నాడు. ఎడం మోకాలు వంగిపోయింది. నడిచి వచ్చిన మనిషిని చక్రాల కుర్చీలో ఇంటికి పంపాను.

కరెంటు వచ్చింది గానీ

కొత్త ఛార్జర్ తెప్పించాం. ప్రోగ్రాం మళ్ళీ మొదటి నుంచి చేశాను. జివజివ నడుం నుంచి అరికాలి దాకా, కాగితం మీద గీసుకున్నట్టు, సరిగ్గా నొప్పి ఉన్నచోటల్లా పడింది. నా ఉద్యోగంలో అంత చక్కగా కుదిరిన ప్రోగ్రాం ఇంకోటి లేదు. నొప్పి మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

పెంచాను, తగ్గించాను, మార్చాను. ఐదుసార్లు రప్పించాను. ఆఖరిసారి ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మోత యేరుగుందమ్మా" అన్నాడు. "ముప్పయ్యేళ్ళు సుత్తి పట్టినోణ్ణి. ఏ మోత ఏటో నాకు తెలీదా? ఇది కరెంటు. బాగానే వొస్తంది. ఆవిడే రావట్లేదు."

తమ్ముడి కొడుకు అభన్‌పూర్ నుంచి వచ్చి సామాను కట్టడం మొదలుపెట్టాడని తెలిసి ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాను. సామాను సగం అట్టపెట్టెల్లో ఉంది. మావయ్య మంచం మీద గోడకి ఆనుకుని, ఎడం కాలు బారజాపి కూర్చున్నాడు. పాదం దగ్గర నేల మీద చిన్న చెక్కపీట వేసి ఉంది. ఇల్లంతా దుమ్ము పట్టి ఉంది గానీ పీట మీద లేదు. దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. ఆ నొప్పితో అక్కడిదాకా ఎలా వెళ్ళి వెలిగించాడో మరి.

"అభన్‌పూర్ ఆవిడికి తెలీదమ్మా" అన్నాడు. "ఎప్పుడూ ఎల్లనేదు. నానక్కడుంటే ఎక్కడని ఎతుక్కుంటది?"

నేను మంచం పక్కన నిలబడి ఏడ్చాను. డాక్టరు రోగి ముందు ఏడవకూడదంటారు. ఆ మనిషి నన్ను ఎత్తుకుని షాపు గేటు దాకా తీసుకెళ్ళినవాడు. ఇల్లు, నడక, సాయంత్రాలు, అన్నీ ఒక్క మాటతో ఊడగొట్టాను. అదీ నాదే పైచెయ్యి అని చూపించుకోవడానికి. ఆయనే నన్ను ఓదార్చాడు. తర్వాత అడిగాడు.

"ఒక పని సెయ్యి బుజ్జమ్మా. ఆ మెసీను నడిపిస్తావో, ఆపేస్తావో, నీ ఇష్టం. నాకు సెప్పకు. నానడిగినా సెప్పకు. కరెంటు పెంచుకునీ ఆ రిమోటు నువ్వే పట్టుకుపో. ఛార్జింగు బెల్టు నానెప్పట్లాగే కట్టుకుంటాను. ఏది ఎక్కణ్ణించొస్తందో నాకొద్దు."

రోగి దగ్గర ఏదీ దాచకూడదని మేమంతా చదువుకున్నాం, నమ్ముతాం కూడా. రోగే దాచమంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆయన మాటలు ఆయన యాసలోనే ఒక కాగితం మీద రాసి, కింద సంతకం చేయించుకుని ఫైల్లో పెట్టాను. జివజివ పైకి తెలియనంత సన్నగా కూడా కరెంటు నడపొచ్చు. ఆయన్ని గోడవైపు తిరగమని, ఇంకెవరూ లేకుండా చూసి, నాకు తోచినట్టు చేశాను. ఏం చేశానో ఫైల్లో రాయలేదు. ఇక్కడా రాయను. మాటిచ్చాను.

తమ్ముడి కొడుకుని ఒక నెల ఆగమని బతిమాలాను.

మూడో వారం మావయ్య చేతికర్రతో వచ్చాడు. ఈసారి ప్రోగ్రామర్ బీరువాలోనే ఉంచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "ఎలా ఉంది మావయ్యా?"

"మొన్న మంగలారం వొచ్చింది. మడం కాడ రెండుసార్లు నొక్కి ఆపేసింది." కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. "కోపం తగ్గినట్టు నేదు."

"మరి కోపం రాదా? ఎనిమిది నెలలు చేసిన చాకిరీ కరెంటు ఖాతాలో రాసేశాం."

"అదేనమ్మా నానూ సెప్పుకున్నాను ఆవిడితో. తప్పయిపోయిందని."

ఆ తర్వాత వారానికి మూడు రోజులు, నాలుగు రోజులు. ఎండాకాలం వచ్చేసరికి చేతికర్ర వదిలేశాడు. అట్టపెట్టెలు విప్పి సామాను సర్దుకున్నాడు. తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "ఏం మందిచ్చారు దీదీ?" అని అడిగితే, పాత మందేనని చెప్పాను.

ఒకసారి మాత్రం ఆయన రావడం ఆలస్యమై, పరీక్ష చేసేసరికి సాయంత్రమైంది. బల్లమీద పడుకోబెట్టి మోకాలి రిఫ్లెక్స్ చూస్తున్నాను. "ఇదిగో, ఇప్పుడు" అన్నాడు మెల్లగా. నేను కాలికేసి చూశాను. మడమ పైన చర్మం కొంచెం అణిగింది. లేచింది. దాని పైన అణిగింది. లేచింది. అలా వరసగా, తొందర లేకుండా, పిక్క మీదుగా మోకాలు దాకా. కండరం దానంతటదే అదిరితే చర్మం కదులుతుందని నాకు తెలుసు, ఎంతోమందిలో చూశాను. అలా కింది నుంచి పైకి, ఆగి ఆగి, ఎందుకు అదరాలో తెలియదు. తుంటిలో ఉన్న ఆ మెషీన్ నడుస్తోందో లేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా వేళ్ళు ఆయన మోకాలి మీద ఉన్నాయి. తీసేశాను.

ఈ పనిలోకి వచ్చే మీకు నేను చెప్పగలిగింది త్రివేదీ సర్ చెప్పిందే. ముందు మనిషిని అడగండి. నొప్పి లేదంటే నమ్మండి. ఎందుకు లేదో కనిపెట్టి తీరాలన్న దురద మీకు పుడుతుంది. అది మీ దురద, ఆయన రోగం కాదు. సైన్సుని వదిలెయ్యమనట్లేదు. ఆగిన మెషీన్ ఆగిందని ఫైల్లో రాయాల్సిందే. అవతలివాడి చేతిలో ఉన్నది లాక్కునే ముందు, బదులుగా ఇవ్వడానికి మీ దగ్గర ఏముందో చూసుకోండి. నా దగ్గర ఆరోజు తారీకు తప్ప ఏమీ లేదు.

ఆఖరి రోజు

ఉద్యోగంలో నా ఆఖరి సాయంత్రం నాయుడు మావయ్య వచ్చాడు. నడిచే వచ్చాడు. నా కుర్చీలోకి రాబోతున్న కొత్త డాక్టరుకి ఆయన్ని అప్పగించాలి. ఛత్తీస్‌గఢ్ పిల్లవాడు, తెలుగు రాదు, చురుకైనవాడు. మావయ్యని బల్లమీద పడుకోబెట్టి, నేను కాళ్ళ వైపు నిలబడ్డాను. వద్దనేలోగా ఆ పిల్లవాడు ప్రోగ్రామర్ పెట్టేశాడు. తెరకేసి చూశాడు. నాకేసి చూశాడు. మళ్ళీ తెరకేసి చూసి, "మేడమ్, ఇది..." అన్నాడు.

"ముందు ఆయన్ని అడుగు" అన్నాను.

అతను ప్రోగ్రామర్ బల్లమీద బోర్లా పెట్టి, "చాచా, ఆరామ్ హై?" అని అడిగాడు.

"హై బేటా" అన్నాడు మావయ్య. కిటికీ బయట వెలుగు తగ్గుతోంది. వరండాలో ఎవరో లైట్లు వేశారు. ఆయన తల కొంచెం ఎత్తి, పాదాల వైపు, నేను నిలబడ్డ చోటికి చూశాడు. నన్ను కాదు, నా పక్కకి.

"బుజ్జమ్మా" అన్నాడు, ఇంట్లో మనిషితో అన్నట్టు, "కూసింత ఇలగొచ్చీ. మీ అత్త కూకుంటది."

నేను పక్కకి జరిగాను.